అరువు గొంతు

వీడియో ల్యాబులో మైకుల మీద పడ్డ నిన్నటి నోటి తుంపరలు తుడుస్తున్నాడు ఆయన. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. ఊడొస్తున్న హెడ్‌ఫోన్‌కి మళ్లీ నల్లటేపు చుట్టాడు. విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి తాత్కాలిక అధ్యాపకుడే. బట్టతల, చంకల్లో చెమట మరకలు, భార్య తిడుతూనే సర్దిన క్యారేజీ. వాతావరణ మార్పు గురించి పిల్లలతో చిన్న చిన్న వీడియోలు చేయిస్తాడు. "కరిగే మంచుకొండలు నాకొద్దు. మీ ఇంట్లో ఏం జరిగింది? మీ గొంతుతో చెప్పండి," అంటాడు. పిల్లలు గొంతు మాస్టారని పేరెట్టేశారు.

ముందు బెంచీ అమ్మాయి అలాగే చెప్పింది. ఏటికేడు వానలు ముదురుతున్నాయి. ఆ నీళ్లు ఇంకాల్సిన చిత్తడినేలను ఒక కాంట్రాక్టరు రాళ్లూ రప్పలూ పోసి పూడ్చేశాడు. మొన్నటి వరద గోడ బద్దలుకొట్టి, మంచంతో సహా ఆమె నాన్నమ్మను ఈడ్చుకుపోయింది. పూడుస్తున్న లారీలను ఫోన్లో తీసింది కూడా, గట్టిపిండం.

నిన్న క్లాసులో ఆ వీడియో వేశారు. ఆ సంగతి కాంట్రాక్టరు చెవిన పడింది, ఇవాళ మధ్యాహ్నం అతని మనుషుల నుంచి ఫోనొచ్చింది.

"అది చేసిందెవరో చెప్పు. లేదంటే మేమే వచ్చి కనుక్కుంటాం."

ఆయన క్యారేజీ మూసేశాడు. అమ్మాయిని పిలిచి చెప్పాడు.

"నాకేం భయం లేదు సార్. మా గొంతుతో చెప్పమన్నది మీరేగా!"

"అన్నాన్లే. నోర్మూసుకుని ఇంటికెళ్లు తల్లీ!"

విద్యార్థి మీద అరవడం ఆయనకదే మొదలు. తలుపేసుకుని వీడియోలో ఆమె గొంతు చెరిపేశాడు. దగ్గుతూ, ఆగుతూ ఆ మాటలన్నీ తనే చదివాడు. ఆమె పేరున్నచోట తన పేరు పెట్టాడు. ఇన్నేళ్లు చెప్పిన పాఠాన్ని తన చేత్తోనే తుడిచేసుకున్నాడు, పాపం.

సాయంత్రం ముగ్గురొచ్చారు, ఇనపరాడ్లతో. ఒక్క కంప్యూటరు మిగిల్చి అన్నీ పగలగొట్టారు. ఒకడు ఆయన మెడ పట్టి ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. పన్ను విరిగి కీబోర్డు మీద పడింది.

"ఎవర్రా చేసింది?"

"నేనే. కావాలంటే విను."

వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. నమ్మాడు. మొదటి దెబ్బకు మోకాలు పటుక్కుమంది. "అమ్మా!" అని కేకేశాడాయన. రెండోది తల మీద పడింది. ఆ తర్వాత ఎన్ని పడ్డా ఆయన అరవలేదు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చేసరికి ఊపిరి లేదు. వీడియో మాత్రం అయిపోయినప్పుడల్లా మళ్లీ మొదలవుతూనే ఉంది.

బల్ల అంచున వేలాడుతున్న ఆ టేపు చుట్టిన హెడ్‌ఫోన్‌లోంచి ఆయన బొంగురు గొంతు సన్నగా వినిపిస్తోంది: "నీళ్లు రాగానే నాన్నమ్మ ముందు నన్ను అటకెక్కించింది. నేను ఆమె మనవణ్ణి."