అద్దాల బీరువాలో పదకొండు నెలలు

నేను ఒక ఫుట్‌బాల్‌ని. తన్నులు తినడానికే పుట్టాను, అందులో నాకేమీ నామోషీ లేదు. జలంధర్‌లో ఒక అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చుని నన్ను కుట్టారు. ఇద్దరికీ మాటల్లేవు కాబట్టి కుట్లు గట్టిగా పడ్డాయి.

అక్కడినుంచి ఓడెక్కి, ఎనిమిది దేశాలు కలిసి పదిహేడేళ్ల లోపు ఆడపిల్లలకు పెట్టిన పోటీకి వెళ్లాను. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో, ఆఖరి నిమిషాన, గుంతకల్లు హమాలీ కూతురు కుళ్లాయమ్మ ఎడమకాలితో ఒక్క తన్ను తన్నింది. వెళ్లి వలలో పడ్డాను. నా జన్మ ధన్యమైంది. రెండు జట్ల పిల్లలూ నా మీద సంతకాలు చేసి నన్ను ఆమెకే ఇచ్చేశారు.

ఊళ్లో డప్పులు, దండలు. పట్టణ క్రీడాభిమానుల సంఘం సన్మానం పెట్టింది. ఆరుగురు పెద్దమనుషులు మహిళాశక్తి గురించి రెండు గంటలు మాట్లాడారు. మహిళ మాట్లాడడానికి మాత్రం టైము చాల్లేదు. ఒకాయన కుళ్లాయమ్మ బ్యాటింగును తెగ మెచ్చుకున్నారు. అధ్యక్షులు తిప్పేస్వామిగారు గోల్ కొట్టిన పిల్లకంటే పెద్ద అక్షరాలతో నా మీద సంతకం చేశారు. నేను ఊరి ఆస్తినని ప్రకటించి, సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లకు శాలువా కప్పారు. ఆ శాలువాతో ఫుట్‌బాల్ ఎలా ఆడాలో ఎవరూ చెప్పలేదు.

బీరువాలోంచి నాకు స్కూలు గ్రౌండు కనిపించేది. అక్కడున్న ఒక్కగానొక్క బంతి కోడిగుడ్డులా సాగిపోయింది. అటు తంతే ఇటు పోయేది. దసరా సెలవులయ్యాక మళ్లీ జట్టు ఎంపిక. వయసు దాటిపోతోంది కాబట్టి కుళ్లాయమ్మకు అదే ఆఖరి అవకాశం. మూడుసార్లు వచ్చి నన్ను ఇమ్మని సంఘాన్ని అడిగింది. డ్రిల్లు టీచరు నూర్జహాన్ అర్జీ కూడా రాసింది. దాన్ని నా పక్కనే ఫైల్లో భద్రపరిచారు. ఆడితే అరిగిపోతానని అధ్యక్షులవారి బెంగ. కూర్చున్నచోటే నాలో గాలి దిగిపోతున్న సంగతి ఆయన చూడలేదు. నాకు ఏడుపొచ్చేది.

ఆయుధపూజ నాడు బీరువా తెరిచారు. సంఘానికున్న ఆయుధాలు మూడే: నేను, క్యారమ్ బోర్డు, అధ్యక్షులవారి మోటారు సైకిలు. ముగ్గురికీ పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అందరూ ప్రసాదం మీద పడ్డప్పుడు కుళ్లాయమ్మ నన్ను తీసి చంకలో పెట్టుకుంది.

తిప్పేస్వామిగారు అడ్డొచ్చారు. "ఈ పొద్దు పనిముట్లతో పని చేపిచ్చకూడదు పాపా. తప్పు."

"ఏడాది పొడుగునా పూజే చేసినారు గదా సార్. ఈ పొద్దొక్కటీ పని చేయనీండి" అంది కుళ్లాయమ్మ.

తిప్పేస్వామిగారు సాయం కోసం సంఘంవారి వైపు చూశారు. అందరి నోళ్లలోనూ గుగ్గిళ్లే. నూర్జహాన్ టీచరు సంచిలో పంపు ముందే సిద్ధంగా ఉంది.

ఆ ఒక్క రోజు పదిహేను రోజులైంది. ముందుగా చెరిగిపోయింది పెద్ద అక్షరాల సంతకమే. పిల్లల పేర్లు పోతుంటే మాత్రం కాస్త బాధేసింది. కుళ్లాయమ్మకు జట్టులో చోటు దొరికింది. వెళ్తూ నన్ను చిన్నపిల్లలకు అప్పగించింది. ఇప్పుడు ఒంటినిండా మట్టి, రెండుచోట్ల కుట్లు విడిపోయాయి.

సంఘంవారు ఖాళీ బీరువాలో నా ఫోటో పెట్టి తాళం వేశారట. దాని మీద అధ్యక్షులవారి సంతకం కూడా ఉందట. వచ్చే దసరాకు దానికే పూజ చేస్తారు కాబోలు. చేసుకోనివ్వండి. నాకిక్కడ ఆట ఉంది.