పరాయి గూటి పిల్ల

మా భాషలో కోకిలను కుకూక్ అంటాం. అది ఏమని కూస్తే అదే దాని పేరు. ఈ వేసవి కొండ మీది పచ్చికలో గుడారం వేసిన రోజు నుంచీ ఒకటే కూత.

పక్క గుడారం సాబీరాకు నన్ను పొడవడానికి అది చాలు. పుల్లవిరుపు మాటలు ఆమెకు పుట్టుకతో వచ్చాయి.

“ఎవరి గూట్లో పెరిగినా కుకూక్ తన కూతే కూస్తుంది కల్బూబూ. మేపిన పిట్ట పాట ఒక్క ముక్క కూడా నేర్చుకోదు, చూసుకో” అంది.

ఆమె అన్నది మా బేగిమై గురించి. నాకు పిల్లల్లేరని నా తోడికోడలు జీబెక్ పురిట్లోనే ఆ పిల్లను నా ఒడిలో పెట్టింది. మాలో అది వింతేమీ కాదు. పన్నెండేళ్లు గడిచాయి. ఇప్పుడు పిల్లను బిష్కెక్ పట్నం తీసుకెళ్తానని కారేసుకుని వచ్చి కూర్చుంది.

“నీ మీద కోపం లేదక్కా. దానికి నిజం చెప్తాను. విన్నాక అదే వస్తుంది.”

“చెప్పుకో. నీ నోరు నేనేం మూయను” అన్నాను.

ఆ నిజం నేను ఆరేళ్ల కిందటే చెప్పేశాను. పొదలో ఒక చిన్న పిట్ట తనకంటే పెద్దదైన కుకూక్ పిల్ల నోట్లో పురుగులు కుక్కడం చూసి వచ్చి, దీని అమ్మ ఎక్కడికి పోయిందని బేగిమై అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కుకూక్ సంగతీ చెప్పాను, తన సంగతీ చెప్పాను. అంతా విని గొర్రెల వెంట వెళ్లిపోయింది. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. నా పెంపకం మీద నాకు కొండంత నమ్మకం. అయినా ఆ పిల్ల లోపల ఏమనుకుందో తెలియదు. ఆ ఒక్కటే గుచ్చుకునేది.

బేగిమై గుడారం ముందు కూర్చుని మీగడ తీసే మిషను తిప్పుతోంది. జీబెక్ వెళ్లి పక్కన కూలబడింది. నేను మాట వినపడేంత దూరంలోనే నిలబడ్డాను. సాబీరా కూడా చేతిలో పని వదిలేసి చూస్తోంది.

“నిన్ను కన్నది నేనే తల్లీ. నాతో వచ్చేయ్” అని జీబెక్ ఏడ్చింది.

“తెలుసు పిన్నీ” అంది పిల్ల, మిషను ఆపకుండా. “చిన్నప్పుడే అమ్మ చెప్పింది. రావాలో వద్దో కూడా అమ్మనే అడుగు.”