నాలుగు కడ్డీల దూరం

గ్రాఫు కాగితం మీద గీత గీయడంలో అక్కను మించినవాళ్లు ఆ ల్యాబులో లేరు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు. అదే కొంప ముంచబోయింది.

పని చెప్పుకోడానికి సులువే. నీళ్ల తొట్టి మధ్యలో న్యూట్రాన్లు చిమ్మే చిన్న సోర్స్, దాని చుట్టూ ఒక్కొక్కటిగా దించే యురేనియం కడ్డీలు. కడ్డీలు పెరిగేకొద్దీ న్యూట్రాన్లు పిల్లల్ని పెడతాయి, వాటిని లెక్కపెట్టే రెండు కౌంటర్లలోనూ అంకె పెరుగుతుంది. ఒకటిని ఆ అంకెతో భాగించి గ్రాఫులో వేస్తే గీత కిందికి దిగుతుంది. అది అడుగు తాకే చోటికి చేరామంటే, ఇక సోర్స్ అక్కర్లేకుండానే ఆ వంశం తనంతట తాను సాగిపోతుంది. అక్కడిదాకా వెళ్లకూడదు. మిగిలిన దూరంలో సగానికి మించి ఒక విడతలో దించకూడదు.

తొట్టి మీద నిలబడి కడ్డీలు చేత్తో దించేవాడు ఆవిడ సొంత తమ్ముడు. అక్క చీటీ రాసిందంటే వాడికి ఇక తిరుగులేదు.

ఆ ఉదయం దూరపు కౌంటర్ నత్తనడక నడుస్తోందని విసుగొచ్చి, ఆవిడ రెండో కౌంటర్‌ను సోర్స్ పక్కకి జరిపింది. అంకెలు చకచకా వచ్చాయి, గీత ముచ్చటగా కుదిరింది. ఇంకా పన్నెండు కడ్డీల దూరం ఉందని తేలింది. ఆరు దించమని చీటీ పంపేసింది.

టీ తాగుతూ, ఊరికే కూర్చోలేక, దూరపు కౌంటర్ అంకెలు కూడా గ్రాఫులో వేసింది. చుక్కలు గజిబిజిగా ఉన్నా దారి మాత్రం తేటగానే ఉంది. మిగిలింది నాలుగే.

దించమన్నది ఆరు. దగ్గరి కౌంటర్ లెక్కపెట్టిందంతా ఎక్కువగా సోర్స్ నుంచి నేరుగా వచ్చిపడుతున్న న్యూట్రాన్లనే. పిల్లల్ని లెక్కపెట్టమంటే తల్లినే మళ్లీ మళ్లీ లెక్కపెట్టినట్టు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలో చెప్పే పాఠం ఇది, పైగా చెప్పేది ఈ మహాతల్లే. గీత అడుగు దాటితే ఆ వంశాన్ని ఆపే పలకలు వాటంతటవే తొట్టిలో పడతాయి, నిజమే. అవి పడేలోపు తొట్టి మీద నిలబడ్డవాడికి రేడియేషన్ తగలాల్సినంతా తగులుతుంది.

వాడింకా దించడం మొదలుపెట్టలేదు. మైకు అందుకుంది. "తమ్ముడూ, కడ్డీ ముట్టుకోకు. బయటికి వచ్చెయ్."

"ఏమైందక్కా?"

"ముందు రా, చెప్తాను."

ల్యాబు పెద్దాయన వచ్చి రెండు గీతలూ చూశాడు. "కౌంటర్ పాడైందని రాద్దాంలే అమ్మాయ్. ఎవరికీ ఏమీ కాలేదుగా."

"కౌంటర్ బాగానే ఉంది సార్. జరిపింది నేను."

"అలా రాస్తే నిన్నిక ఈ బల్ల దగ్గర కూర్చోనివ్వరు."

"తెలుసు సార్."

పద్దెనిమిదేళ్లు కూర్చున్న బల్ల. లాగ్‌బుక్కులో రెండు ముక్కలు రాసింది: కౌంటర్‌ను జరిపింది నేనే. రెండో గీత వేయకుండా చీటీ పంపింది నేనే. కింద సంతకం పెట్టింది.

అసలు కష్టం వరండాలో ఉంది. తమ్ముడు గ్లవుజులు తీస్తున్నాడు. ఏమీ దాచకుండా చెప్పి, రెండు గీతల కాగితాలూ చేతికిచ్చింది.

వాడు నాలుగు దగ్గర వేలు పెట్టి, ఇంకో రెండు గళ్లు ముందుకి, ఆరు మీదికి జరిపాడు.

"పొద్దున్నుంచి దించినవో?"

"అవి అదృష్టంరా."

"నీ చీటీ నేనెప్పుడూ రెండోసారి చదవలేదక్కా."

"తప్పు నీది కాదు."

"ఇకమీద ఎవరు రాసినా, నువ్వు రాసినా సరే, రెండు గీతలూ చూశాకే కడ్డీ దించుతాను."

ఆ మాట ఆవిడకి కలుక్కుమని గుచ్చుకుంది. చిన్నప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని రోడ్డు దాటినవాడు వీడు.

"చూపించకపోతే దించకు," అంది.

వాడు కాగితాలు కిటికీ గట్టు మీద పరిచి, పెన్సిల్ అడిగి తీసుకుని, మొదటి చుక్క నుంచి తనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకచోట తడబడ్డాడు. ఆవిడ నోటిదాకా వచ్చిన అంకెను ఆపుకుని, వాడంతట వాడు తేల్చుకునేదాకా పక్కనే నిలబడింది.