చుక్క గొలుసుకు తగిన మెడ

నీలి కుట్టమని ఇచ్చిన జాకెట్టుకు మూడో హుక్కు కుడుతున్నాను. మా అత్త కట్టమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ నా చేతుల వైపు ఓ చూపు పడేసింది.

"ఎవలదే గది? మెడ గంత లోతుకు తీసినవ్, బాయి తవ్వినట్టు!"

"నీలిది అత్తమ్మా."

"ఆమెకేంది, దవాఖానల నర్సు. నౌకరి చేసేటోళ్లు ఎట్ల కుట్టిచ్చుకున్నా నడుస్తది."

నేనూ పనే చేస్తున్నాను కదా అని నోటిదాకా వచ్చింది. కానీ మా ఇంట్లో మిషను తొక్కడం పని కిందికి రాదు. "మా స్వరూపకేంది, ఇంట్లనే కూసుంటది" అని మా ఆయన యుగేందర్ ఊరందరికీ చెబుతాడు. అబద్ధమేమీ కాదు, కూర్చునే తొక్కుతాను మరి. బతుకమ్మ పండుగ వస్తే ఆయన వైపు చుట్టాల జాకెట్లన్నీ "మన పిల్లనే గదా" అనుకుంటూ మా ఇంటికి నడిచొస్తాయి. అందరివీ అయ్యాక నా వంతు. పండుగ పొద్దున హుక్కుల బదులు పిన్నీసులు పెట్టుకుని తిరిగిన టైలర్ పాలకుర్తి మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అయినా ఆ రోజు నాకు కోపం రాలేదు. మనసంతా బీరువాలో, చీరల మడతల మధ్య దాచిన గొలుసు మీదే ఉంది.

బుధవారం లైనింగు గుడ్డ కోసం జనగామ వెళ్లినప్పుడు, ఆడవాళ్లకు కుట్టు నేర్పే కేంద్రంలో సుశీల మేడం నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. సోమవారం నుంచి మూడు నెలలు రోజూ వచ్చి ముప్పై మందికి నేర్పాలట. నేర్పేది నేను! బయటికొచ్చాక కాళ్లు నేల మీద ఆనలేదు. హుక్కుల పెట్టె కొందామని ఫ్యాన్సీ షాపుకు వెళితే గోడకు వేలాడుతూ అది కనబడింది. సన్నటి గొలుసు, చివర చింతగింజంత ఆకుపచ్చ రాయి ఒక్కటే, జారబోయి ఆగిన నీటిచుక్కలా.

"డ్రాప్ నెక్లెస్ అక్కా. ఏ బట్టల మీదికి ఏసుకుంటవ్?" అంది షాపు పిల్ల.

"అన్నిటి మీదికి" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "అన్నిటి మీదికి సెట్ కాదక్కా. మెడను బట్టి ఉంటది."

పన్నెండేళ్లుగా మెడలు కత్తిరిస్తున్న నాకే మెడ పాఠమా! సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, అవును నిజమే, ఏ మెడ మీదికి అని పురుగు దొలిచినట్టు ఓ ఆలోచన మొదలైంది. బస్సులో జనగామ నుంచి పాలకుర్తి దాకా ఎక్కినవాళ్ల మెడలే చూస్తూ వచ్చాను. ఒకామె పైట సర్దుకుని మొహం తిప్పేసుకుంది కూడా.

ఇంటికొచ్చి నేర్పే పని సంగతి చెప్పి, గొలుసు చూపిస్తే మా ఆయన, "పుస్తెలుండంగ మళ్ల గిదేంది? ఎవలు సూడాలె?" అన్నాడు.

తిట్టినట్టు అనలేదు. మామూలుగానే అడిగాడు. అందుకే ఆ మాట మూడు రోజులు నాలోనే తిరిగింది. ఎవరు చూడాలి? నేనే చూడాలి అని చివరికి తేలింది. అయితే అందులో ఒక చిక్కు ఉంది. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే అద్దం. ఆయన గడ్డం గీసుకోవడానికి వీలుగా ఆయన ఎత్తుకు కొట్టించిన మేకుకు వేలాడుతుంది. అందులో నాకు నుదుటి నుంచి గదవ దాకానే కనబడుతుంది. పెళ్లయి పద్నాలుగేళ్లలో నా మెడ నేను సరిగ్గా చూసుకోలేదని గొలుసు కొన్నాకే తెలిసింది.

శనివారం మధ్యాహ్నం మా అత్త చింతపండు పక్కన పెట్టి పడుకోగానే ఆ అద్దం దింపి మిషనుకు ఆనించాను. గొలుసు వేసుకుని, కుట్టడం పూర్తయి తీగ మీద వేలాడుతున్న బట్టలన్నీ ఒక్కొక్కటిగా నా మీద ఆనించి చూసుకోవడం మొదలుపెట్టాను. టీచరమ్మ పట్టు జాకెట్టు మీద రాయి కనిపించనే లేదు. ఆ జరీ ముందు చుక్క గొలుసు బ్యాండు మేళం ముందు ఊదిన పిల్లనగ్రోవి అయిపోయింది. పూల పూల చుడీదార్ మీదా అంతే, పూలల్లో పువ్వయి కలిసిపోయింది. కాలర్ ఉన్న కుర్తాకు ఈ గొలుసు పొట్టి, లోపలికి జారి దాక్కుంది. భుజం నుంచి భుజానికి అడ్డంగా సాగే పడవ మెడ ఉన్న నల్లటి సాదా జాకెట్టు పెట్టగానే మాత్రం రాయి గుడ్డ మీదికొచ్చి నిలబడి, నేనున్నా అంది. వీ మెడ అయితే మరీ బాగుంది, కానీ మూల కంటే ఒక అంగుళం పైనే ఆగాలి, మూలకు తగిలితే ఇరుక్కున్నట్టుంటుంది. అసలు అందం నీలి జాకెట్టుకు గుండ్రంగా, లోతుగా తీసిన కుండ మెడతో వచ్చింది. ఖాళీ చోటు మధ్యలో ఆ చుక్క ఒక్కటే, ఎవరితో పనిలేనట్టు. నగ అందంగా ఉండాలంటే దాని చుట్టూ కాస్త ఖాళీ ఉండాలన్నమాట! ఇంత చిన్న సంగతి కనిపెట్టినందుకు పసిపిల్లలా సంబరపడ్డాను.

"నా జాకెట్ నీకే మంచిగున్నదక్కా."

ఉలిక్కిపడి తిరిగాను. వెనక నీలి నిలబడి ఉంది. గిరాకీ బట్టలు టైలర్ తన ఒంటికి ఆనించుకుని మురిసిపోయిందంటే ఇంకేముంది, ఊళ్లో పరువు గంగలో కలిసినట్టే. "తప్పుగా అనుకోకు నీలీ, మెడ ఎట్లున్నదో సూద్దామని" అని తడబడ్డాను.

నీలి తండా నుంచి ఇంటర్ దాకా సైకిలు మీద వచ్చి చదువుకున్న పిల్ల. చిన్న విషయాలకు బెదిరే రకం కాదు. సంచి పక్కన పెట్టి నా ముందుకొచ్చింది. "నీ జాకెట్ మీద ఎట్లున్నదో సూపెట్టు మరి" అంది. పైట పక్కకు జరిపాను. నా జాకెట్టు మెడ గొంతు గుంట దాకా వచ్చి ఆగుతుంది. గొలుసు ఆ అంచు కుట్టు మీద పడి, రాయి బోర్లా తిరిగింది. సరి చేశాను. మళ్లీ తిరిగింది.

"ఊరందరికి తీరొక్క మెడ కుడ్తవ్. నీకేందక్కా గొంతు కాడికి?"

"మా ఇంటి ఆది గదే నీలీ."

ఆది అంటే కొత్త జాకెట్టుకు కొలతగా ఇచ్చే పాత జాకెట్టు. పెళ్లికి ముందు చిట్యాలలో నేను డ్రెస్సులే వేసుకునేదాన్ని. జాకెట్లన్నీ అత్తగారింట్లోనే కుట్టించారు. కుట్టు నేర్చుకున్నాక కూడా, మొదట మా అత్త ఇచ్చిన ఆదినే పరిచి దాని చుట్టూ గీత గీసి కత్తిరించుకుంటున్నాను. నాకోసం టేపు పట్టేంత తీరిక ఎప్పుడుంది గనక!

నీలి నా మెడలో వేలాడుతున్న టేపు లాక్కుంది. "నిలవడు" అంది. ఎంతోమందికి కొలతలు తీసినదాన్ని, నా భుజం మీద టేపు పడితే ఒళ్లు జలదరించింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సక్కగ నిలవడక్కా, సూదియ్యనులే" అని నవ్వుతూ భుజం కొలిచింది. పదిహేను. నేను నమ్మలేదు. మళ్లీ కొలిచింది, పదిహేనే. ఆది తీసి పరిచి చూశాను. పదమూడున్నర.

పద్నాలుగేళ్లుగా చంకల కింద ఒరుసుకుపోతోంది. చెయ్యి పైకెత్తితే భుజం పట్టేస్తుంది. "లావైనవ్, జర అన్నం తగ్గియ్యి" అంటాడు మా ఆయన. నేనూ నిజమేననుకుని రాత్రిళ్లు ఒక ముద్ద తగ్గించాను. కానీ భుజం ఎముక కదా. అన్నం తింటే ఎముక వెడల్పు కాదు. అంటే నేను లావు కాలేదు. ఈ ఆది నాది కాదు!

నీలి వెళ్లాక, నిద్ర లేచిన మా అత్త ముందు ఆ జాకెట్టు పెట్టాను. "గిది ఎవలది అత్తమ్మా?"

"లతది. నీకంటే ముందొచ్చిన పెద్దకోడలుది. గప్పుడు నువ్వు సన్నగుంటివి, సరిపోయింది."

"లతక్కకు కొలతలు తీసిన్రా మరి?"

"ఎవలు తీస్తరే? టైలర్ యాదగిరి మగమనిషాయె. కొత్త కోడలు ఆయన ముంగట నిలవడి కొలతలిస్తదా? నా జాకెట్ పంపిచ్చిన."

"మరి నీకు?"

మా అత్త మళ్లీ చింతపండు ముందేసుకుని ఒక గింజ ఊడదీసింది. "నాకు మా అత్త ఇచ్చింది" అని, ఇంకెవరి మాటో చెబుతున్నట్టుగా నెమ్మదిగా అంది, "నన్నెవ్వలు కొలువలే బిడ్డా." తర్వాత కుడి భుజాన్ని ఎడమ చేత్తో రుద్దుకుంది. ఆమె రోజూ అలా రుద్దుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. వాతం అనుకునేదాన్ని.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆమె నాకు చేసింది ఆమెకు జరిగిందే. కానీ నా చేతిలో కత్తెర ఉంది, టేపు ఉంది. పన్నెండేళ్లుగా ఉన్నాయి. ఏడుపొచ్చిందంటే దానికే వచ్చింది.

ఆదివారం కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన నా పేరు రాశాను. ఊళ్లో సగం మంది ఆడవాళ్లున్న ఆ పుస్తకంలో నేను అప్పుడే చేరాను. భుజం పదిహేను. మెడ లోతు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. అది ఒంటి కొలత కాదు, ఇష్టం. గొలుసు వేసుకుని, రాయి ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టి, దాని కింద ఒక అంగుళం ఖాళీ వదిలి, సుద్దతో గీత గీశాను. సాదా గోధుమరంగు గుడ్డ, కుండ మెడ.

సోమవారం పొద్దున జనగామ కేంద్రంలో మొదటి పాఠానికి నూలు చీర కట్టుకుని బయటికొచ్చాను. పుస్తెలు ఎప్పటిలాగే లోపల ఉన్నాయి, చుక్క గొలుసు పైన. చెయ్యి పైకెత్తి చూసుకున్నాను, ఎక్కడా పట్టెయ్యలేదు. నన్ను బస్టాండులో దింపడానికి మా ఆయన బండి స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"మెడ గింత కిందికేంది స్వరూప? ఎవల ఆదితోని కుట్టినవ్?"

"నా ఆదితోని."

ఆయన తల్లి వైపు చూశాడు, ఏదైనా అంటుందేమోనని. మా అత్త గడప దిగి నా దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి చాచి, పక్కకు తిరిగిన రాయిని మధ్యకు సర్దింది. రెండడుగులు వెనక్కి వేసి, దూరం నుంచి చూసింది.

"టేపు ఆడ మర్సిపోయి రాకు" అంది. "పొద్దుగూకినంక నాకు పనున్నది దానితోని."