చూసినట్టు గుర్తు

పదకొండుంపావుకి చిట్టి ఎంటర్ నొక్కింది. పదకొండు ఇరవైకల్లా కొంప మునిగింది. ఆ అయిదు నిమిషాల్లో ఆమె చేసిన ఘనకార్యమల్లా లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావడమే.

పని చిన్నదే. ఒక కళ్ళద్దాల కంపెనీకి ఊరినిండా దుకాణాలున్నాయి, వాళ్ళ సోషల్ మీడియా పేజీకి రోజూ వందల మెసేజీలొస్తాయి. వాటన్నిటినీ తోడుకొచ్చి ఫిర్యాదులు ఒక పక్క, ప్రశ్నలు ఒక పక్క, జవాబు అక్కర్లేనివి ఒక పక్క పెట్టే ప్రోగ్రామ్ రాయాలి. మన ప్రోగ్రామ్ నేరుగా వెళ్ళి ఆ సోషల్ మీడియావాళ్ళు బయటి ప్రోగ్రాముల కోసం పెట్టిన ఏపీఐ అనే తలుపు తట్టాలంటే సవాలక్ష మర్యాదలు పాటించాలి. ఆ తలనొప్పి లేకుండా ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన కోడ్ ఉంటుంది, దాన్నే లైబ్రరీ అంటారు. మనం ఒక్క లైను రాసి 'మెసేజీలు పట్రా' అంటే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. కంపెనీ పేజీకి ఇంకా అనుమతి రాలేదు కదా, ఈలోపు పరీక్షించి చూద్దామని చిట్టి తన సొంత అకౌంట్ తాళం దాని చేతికిచ్చింది. అక్కడే ఆమె బుద్ధి గడ్డి తిన్నది.

లైబ్రరీ రెండువందల పద్నాలుగు మంది మెసేజీలు తెచ్చింది. తెచ్చి ఊరుకుందా? తెచ్చిన ప్రతిదాని మీదా, అవతలివాళ్ళకి కనబడేలా, 'చూశారు' అని గుర్తు పెట్టి మరీ వచ్చింది. వద్దని ముందే చెబితే పెట్టదట. చిట్టి చెప్పలేదు. ఆ రెండువందల పద్నాలుగులో ఒకటి అన్నయ్యది.

దాన్ని ఆమె ఎనిమిది నెలలుగా తెరవలేదు. అమ్మ పోయిన రోజు చిట్టి రైల్లో ఉంది. పన్నెండు గంటల ప్రయాణం. ఆమె దిగేలోపే వెంటిలేటర్ తీసెయ్యమని అన్నయ్య సంతకం పెట్టేశాడు. ఆసుపత్రి వరండాలో, నలుగురూ చూస్తుండగా, "అమ్మని నువ్వే చంపావు" అని అరిచింది చిట్టి. అతను మారుమాట్లాడలేదు. పదిరోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు. 'చిట్టీ, ఆరోజు' అన్న రెండు మాటలే బయటికి కనిపించేవి. లోపల సంజాయిషీ ఉంటే భరించలేదు, తిట్లుంటే అసలే భరించలేదు. అందుకని అలాగే వదిలేసింది. తెరవకపోవడమే అన్నయ్యకి శిక్ష అని పైకి అనుకునేది కానీ, తెరిస్తే ఉన్న ఆ కాస్త బంధమూ తెగిపోతుందేమోనని లోలోపల హడలు.

ఇప్పుడు అన్నయ్య లెక్కలో ఆమె మెసేజ్ చూసి కూడా పలకని చెల్లెలైపోయింది. అంటే నువ్వు నాకేమీ కావు అన్నట్టే. అంత మాట చిట్టి ఏనాడూ అనదలుచుకోలేదు.

లేచి టీం లీడర్ దగ్గరికి పరుగెత్తింది. అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవు కానీ, నోరు తెరిస్తే 'మా రోజుల్లో' అంటాడు గనక అందరూ తాతగారు అని పిలుస్తారు.

"తాతగారూ, చూసినట్టు పడ్డ గుర్తు వెనక్కి తీసుకోవచ్చా?"

"ఎవరి దగ్గర దాక్కుంటున్నావ్?"

"ముందు చెప్పండి."

"చదవనిదిగా మార్చే ఫంక్షన్ ఒకటుంది. కానీ అది నీ కంటికే. అవతలివాళ్ళకి పడ్డది పడ్డట్టే. మా రోజుల్లో ఈ గుర్తులే లేవమ్మా, హాయిగా ఉండేవాళ్ళం." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "అయినా చదివింది నువ్వు కాదుగా, ప్రోగ్రామేగా?"

"ఆ ముక్క మా అన్నయ్యకెలా తెలుస్తుంది?"

జవాబు కోసం ఆగకుండా చిట్టి తన సీటుకి తిరిగొచ్చింది.

అన్నయ్యది ఒక వర్క్‌షాప్‌లో ఇనుము చెక్కే లేత్ మెషీన్ మీద పని. ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికెళ్ళాలి. పన్నెండున్నరకి భోజనాల గంట కొట్టాకే చేతికొస్తాయి. అంటే ఇంకా గంట టైముంది. ఆ గంటలో చిట్టి లైబ్రరీ కోడంతా తిరగేసింది. అకౌంటే మూసేద్దామా అనుకుంది. మూసేస్తే పీడా పోయిందనుకున్నట్టు ఉంటుందని మానుకుంది. 'అన్నయ్యా, అది నేను కాదు' అని రాసి కొట్టేసింది. కాలుగాలిన పిల్లిలా కిటికీ దగ్గరికీ కుర్చీ దగ్గరికీ తిరిగింది. పక్క సీటావిడ "కాస్త కూర్చోమ్మా, నాకే కళ్ళు తిరుగుతున్నాయి" అంటే కూర్చుంది. రెండు నిమిషాల్లో మళ్ళీ లేచింది.

పన్నెండు ముప్పైనాలుగుకి అన్నయ్య పేరు కింద 'టైప్ చేస్తున్నారు' అని పడింది. అది పోయింది. మళ్ళీ పడింది, మళ్ళీ పోయింది. ఒంటిగంటకి భోజనాల టైమైపోయింది. మెసేజ్ మాత్రం రాలేదు.

ఇక ఉండబట్టలేక, తన ప్రోగ్రామ్ ఏం చేసిందో చూడ్డానికి కూర్చుంది. అన్నయ్య మెసేజ్‌ని ఏ గుట్టలో వేసిందో వెతికింది. ఫిర్యాదుల్లో లేదు. ప్రశ్నల్లోనూ లేదు. ఒక గృహప్రవేశం ఫోటోకీ, జిమ్ ప్రకటనకీ మధ్యన, జవాబు అక్కర్లేని వాటిలో పడి ఉంది. చిట్టికి ఒళ్ళు మండింది. 'నీ మొహం మండా, మా అన్నయ్యకి జవాబు అక్కర్లేదా?' అని తను రాసిన ప్రోగ్రామ్‌నే తిట్టుకుంది. తప్పెక్కడ జరిగిందో పట్టుకోవాలంటే మెసేజ్ చదవక తప్పదు. చదివింది.

'చిట్టీ, ఆరోజు నువ్వన్నదానికి నా దగ్గర సమాధానం లేదు. ఇంకొక్క రోజు ఉంచొచ్చని డాక్టరు అన్నాడు. అమ్మ అవస్థ చూస్తూ ఆ ఒక్కరోజు నేను ఉండలేకపోయాను. నీ కోసం ఆగాల్సింది. దీనికి నువ్వు జవాబివ్వక్కర్లేదు. చూస్తే చాలు. చూసినట్టు గుర్తు పడితే, కోపం ఉన్నా నేనింకా నీకు అన్నయ్యనే అనుకుంటాను. రోజూ భోజనం టైములో చూసుకుంటూ ఉంటాను.'

ప్రోగ్రామ్ తప్పు చెయ్యలేదు. అక్కర్లేదని అతనే రాశాడు.

ఎనిమిది నెలలపాటు రోజూ, అన్నం గిన్నె పక్కన పెట్టుకుని ఆ గుర్తు కోసం చూసుకున్నాడు. ఇవాళ కనబడింది. ఇప్పుడు చిట్టి నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు, అతని మనసూ కుదుటపడుతుంది. కానీ ఊరుకోలేకపోయింది. అన్నయ్య అన్నాళ్ళు ఎదురుచూసిన గుర్తు తను ఇవ్వలేదు, ఒక లైబ్రరీ పనిలో పనిగా పడేసి పోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది.

మెట్ల దగ్గరికెళ్ళి వర్క్‌షాప్ ఆఫీసు నంబరుకి ఫోన్ చేసింది. ఎవరో అన్నయ్యని కేకేశారు. అతను రొప్పుతూ వచ్చాడు.

"ఏమైందే? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నా. అన్నయ్యా, ఆ మెసేజ్..."

"చూశావుగా! ఇందాకే చూసుకున్నా. ఏదో రాద్దామని ఫోన్ పట్టుకున్నా, చెయ్యి ఆడలేదు. ఇక్కడ అందరికీ చూపించానే, సిగ్గు లేకుండా."

చిట్టి కళ్ళు మూసుకుంది. "అది నేను చూడలేదన్నయ్యా. నేను రాసిన ప్రోగ్రామ్ పొరపాటున చూసింది. నేను ఇప్పుడే చదివాను. పది నిమిషాలయింది."

"అంటే ఇందాకటిది..."

"అబద్ధం. ఇప్పటిది నిజం."

"మరి దీనికి మళ్ళీ గుర్తు పడుతుందా?"

"పడదు. ఒకసారి పడితే అంతే. అందుకే ఫోన్ చేశా."

అన్నయ్య నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"వరండాలో నేనన్న మాట..." అంది చిట్టి.

"వదిలెయ్యవే."

"వదలను. ఆ మాట తప్పు. కానీ నువ్వు ఆగలేదన్న కోపం మాత్రం పోలేదు, నీతో అబద్ధమెందుకు."

"పోనక్కర్లేదు. మాట్లాడుతున్నావుగా."

"ఆ పన్నెండు గంటలూ ఏం జరిగిందో నాకు తెలీదు అన్నయ్యా. ఎవర్నీ చెప్పనివ్వలేదు నేను. ఇప్పుడు చెప్పు, మొదట్నుంచి."

"ఇప్పుడా? మెషీన్ ఆపి వచ్చానే. సూపర్‌వైజర్ ఇటే చూస్తున్నాడు."

"చూడనీ."

"ఆరోజు పొద్దున ఆరింటికి అమ్మ తెలివిలోనే ఉంది. చిట్టి వస్తోందిగా, ఇలా చూస్తే బెంగపడుతుంది, కాస్త తల దువ్వరా అంది. నాకెక్కడొచ్చు? చిక్కు తియ్యబోయి గట్టిగా లాగేశా. 'అబ్బ, నువ్వాగరా, అదొచ్చి దువ్వుతుందిలే' అంది. ఆ తర్వాత ఊపిరందక వెంటిలేటర్ పెట్టారు, ఇంక మాట్లాడలేదే. అది నీకెలా చెప్పను?"

చిట్టి మెట్లమీద కూర్చుంది. పైకెక్కేవాళ్ళు ఆమెని చూసి పక్కకి తప్పుకుని వెళుతున్నారు. ఏడుపు ఆపుకోలేదు, ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యనూ లేదు.

"ఊఁ," అంది. "తర్వాత?"