ఏ విమానం ఎక్కమంటారు?

సరుకుల విమానాల కంపెనీలో కొత్తగా చేరిన పైలట్‌కి శిక్షణ పూర్తయింది. ఇక ఏ విమానం నడపాలో తేల్చుకోవడమే మిగిలింది. అదే పెద్ద చిక్కయి కూర్చుంది.

ఇదివరకు అతను ఫ్లయింగ్ క్లబ్బులో కుర్రాళ్లకి పాఠాలు చెప్పేవాడు. అక్కడ ఉన్నది ఒకటే విమానం, అదీ ఎండకి రంగు వెలిసిపోయినది. ఎంచుకోవడమనే బాధ అతనికెప్పుడూ తగల్లేదు. చెప్పుల కొట్టుకి వెళ్తే మొదటి జత కాలికి పడితే చాలు, లేచి వచ్చేసే మనిషి. అలాంటివాణ్ణి డ్యూటీలు వేసే రోస్టర్ మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టి, బల్ల మీద మూడు బొమ్మ విమానాలు పెట్టింది.

"ఇది పెద్దది. సముద్రాలు దాటుతుంది. వెళ్తే వారాల తరబడి వెళ్లినట్టే, వస్తే వారాల తరబడి ఇంట్లోనే. ఇది మధ్యరకం. రాత్రంతా పార్శిళ్లు మోస్తుంది, పగలు ఇంట్లో నిద్రపోవచ్చు. ఇదిగో, ఈ పంకాలున్నది చిన్నది. దీవులకి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది."

"అయితే చిన్నదే నయం కదా మేడమ్?"

"అందులో ఏం మోస్తామో చూశారా?"

"లేదండీ."

"ముందు చూడండి," అని ఆవిడ అదోలా నవ్వింది. "వచ్చే శుక్రవారానికల్లా చెప్పండి. ఒకసారి చెప్పాక ఇప్పట్లో మార్చేది లేదు. సంసారం ఉన్నవాళ్లు కదా, ఇంట్లో కూడా అడగండి."

ఇంట్లో అడిగాడు. అడక్కుండా ఉన్నా బాగుండేది.

"పెద్దదే ఎక్కండి బాబూ," అంది వాళ్లతోనే ఉండే అత్తగారు, క్షణం ఆలోచించకుండా. "నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది."

"ఏనుగు ఏ విమానంలో పడుతుంది నాన్నా?" అంది ఒకటో తరగతి చదువుతున్న కూతురు. దాన్ని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు.

భార్య పళ్ల డాక్టరు. ఆవిడ ఏదీ తొందరపడి తేల్చదు. "ఎక్స్‌రే తియ్యకుండా పన్ను పీకుతానా నేను? మూడూ ఇంట్లో ట్రయల్ వేసి చూద్దాం. ముందు పెద్ద విమానం. ఈ శని, ఆదివారాలు మీరు ఊళ్లో లేనట్టే."

"లేనట్టే అంటే? ఎక్కడికి పోను?"

"ముందు గదిలోకి. తలుపు వేసుకుని ఉండండి. బయటికి రాకూడదు. కావాలంటే ఫోన్ చెయ్యండి."

శనివారం పొద్దున్న అతను పెట్టె పట్టుకుని ప్రయాణమయ్యాడు. బుడంకాయ పట్టుబట్టి టోపీ పెట్టించింది. హాలు దాటి ముందు గదికి వెళ్లేసరికి అత్తగారి కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. "వేళకి తినండి బాబూ. చేరగానే ఫోన్ చెయ్యండి," అంది. అతను చేరగానే ఫోన్ చేశాడు.

గదిలో పని లేదు, పాట లేదు. గోడ మీద కాలెండరు చూసి చూసి విసుగెత్తి భార్యకి ఫోన్ కలిపాడు. ఏం మాట్లాడాలో తోచక, "నిన్న క్లినిక్కులో ఎలా గడిచింది?" అని అడిగాడు.

"మీరేనా మాట్లాడేది?" అంది ఆవిడ. తరవాత ఆవిడ మొదలుపెట్టింది. ఎవరో పెద్దమనిషి ఆవిడ వేలు కొరికాడట. కొరికిన వేలు వదలకుండానే సారీ చెప్పాడట. అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి ఫోన్లో ఒకసారి, గోడలోంచి ఒకసారి వినిపించింది. అలా మాటల్లో పడి ఇద్దరూ అన్నం సంగతే మరిచిపోయారు.

ఆ తరవాత అత్తగారు ఫోన్ అందుకుంది. "బాబూ, ఎదురుగా ఉంటే మొహమాటం. దూరాన ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. స్నానం చేసేటప్పుడు మీ పాట వినలేకపోతున్నాం."

ఆదివారం వంటింట్లో కుళాయి ఊడొచ్చింది. నీళ్లు చిమ్ముకొచ్చాయి. కేకలు విని అతను ఒక్క ఉదుటున తలుపు తీశాడు. గుమ్మంలో బుడంకాయ చేతులు బారచాపి నిలబడింది. "నాన్నా, నువ్వు సముద్రం మీద ఉన్నావు!" అని గట్టిగా గుర్తుచేసింది. చేసేది లేక లోపలికి వెళ్లి, ఫోన్లో, "సింకు కింద ఎర్ర పిడి ఉంటుంది, తిప్పు," అన్నాడు.

"ఎప్పుడో తిప్పేశాం," అంది భార్య. "కొత్త కుళాయి కూడా అమ్మ బిగించేసింది."

తను లేకపోయినా ఇల్లు చక్కగా నడిచిపోతోందని తెలిసి పైలట్ మనసు చిన్నబోయింది.

సోమవారం మధ్యరకం విమానం వంతు. రాత్రంతా మెలకువగా కూర్చుని పొద్దున్నే మంచమెక్కాడు. అతని నిద్ర బాధ్యత అత్తగారు మీదేసుకుంది. కాలింగ్ బెల్లుకి గుడ్డ చుట్టింది. మిక్సీని దుప్పట్లో కప్పింది. పార్శిల్ తెచ్చిన మనిషిని గుడ్లురిమి చూసి మునివేళ్ల మీద నడిపించింది. పై ఇంట్లో మేకు కొడుతున్న రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి సుత్తి తీసుకుని వచ్చేసింది. అంత నిశ్శబ్దం ఆ ఇల్లు పుట్టి ఎరగదు. అతనికి అలా కన్ను అంటుకునేసరికి తలుపు మెల్లిగా తెరుచుకునేది.

"పడుకున్నారా బాబూ?"

"పడుకున్నానండీ."

"పడుకోండి, పడుకోండి."

మళ్లీ కాసేపటికి అదే తలుపు, అదే ప్రశ్న. సాయంత్రానికి అతని కళ్లు ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి. మధ్యరకం విమానం సంగతి ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చిన్న విమానానికి మాత్రం నిజం ట్రయలే దొరికింది. కంపెనీలో అందరూ బాబాయి అని పిలిచే ముసలి కెప్టెన్ బుధవారం అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని దీవికి తీసుకెళ్లాడు. సరుకు కోడిపిల్లలు. పెట్టెలకి పెట్టెలు, అన్నీ కిచకిచలు. గాల్లో ఒక కుదుపుకి ఒక పెట్టె మూత లేచింది. చూస్తుండగానే కాక్‌పిట్ నిండా పసుపుపచ్చ ఉండలు దొర్లడం మొదలుపెట్టాయి.

"కంగారు పడకబ్బాయ్. ఏరి టోపీలో వేసుకో," అన్నాడు బాబాయి, చూపు ముందు నుంచి తిప్పకుండా. "పెద్ద విమానంలో ఇంతమంది మనతో మాట్లాడతారా?"

అతను టోపీ నిండా కోడిపిల్లల్ని పట్టుకుని ఉండగానే విమానం పచ్చగడ్డి మీద దిగింది. చిన్నా పెద్దా పరిగెత్తుకొచ్చారు. రెక్క కింద నిలబడి ఒకావిడ, "మా మందులొచ్చాయా?" అని అడిగింది. అతనే పెట్టె వెతికి చేతికిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు సరుకు చేపలు. ఇంటికొచ్చాక బుడంకాయ అతని చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూసి, "నాన్నని ఉతకాలి," అంది.

గురువారం సాయంత్రం బాల్కనీలో భార్యని అడిగాడు. "తేల్చి చెప్పు. ఏది?"

"పెద్దదే," అంది ఆవిడ.

"నన్ను పంపించెయ్యాలనా?"

"పంపించెయ్యాలని కాదండీ. నా రోజు ఎలా గడిచిందని పెళ్లయినప్పటి నుంచీ మీరు అడిగింది ఆ ఒక్కసారే, అదీ ముందు గదిలోంచి. ఇంట్లో ఉంటే ఏం చెప్పినా 'ఊఁ' అంటారు. ఆ 'ఊఁ'తో కాపురం చేసేకంటే విదేశాల్లో ఉన్న మొగుడే నయం కదా?"

ఆవిడ అన్నది నిజమే. కానీ ఆ దీవి, ఆ పచ్చగడ్డి, మందులు అందుకున్నావిడ మొహం నిన్నటి నుంచీ మనసులోంచి కదలడం లేదు. రోజూ ఇంటికి రావాలనీ ఉంది.

"ఇంట్లో ఉండే అడిగితేనో?" అన్నాడు చివరికి.

"అడుగుతారా?"

"అడుగుతున్నాను. ఇవాళ ఎలా గడిచింది?"

ఆవిడ అనుమానంగా చూస్తూనే మొదలుపెట్టింది. కట్టుడుపళ్లు తారుమారయిన అన్నదమ్ముల కథ. మధ్యలో అలవాటుగా ఒక 'ఊఁ' అతని గొంతులోకి వచ్చేసింది. బలవంతాన మింగాడు. అది ఎక్కిళ్లయి పట్టుకుంది. ఆవిడ మంచినీళ్లు తాగిస్తూ, నవ్వాపుకోలేక, "సరే, చేపలే తెచ్చుకోండి," అంది.

శుక్రవారం చిన్న విమానం అనగానే రోస్టర్ మేడమ్ కళ్లజోడు తీసి అతన్ని మరోసారి పరీక్షగా చూసింది. ఆ విమానం కోరి అడిగినవాడు ఈ మధ్య కాలంలో లేడట. "ఇంట్లో ఒప్పుకున్నారా?"

"వాసన సంగతి ఇంకా చర్చల్లో ఉంది మేడమ్."

మొదటి డ్యూటీ రోజున సరుకు మేకలు. దిగేలోపల అందులో ఒకటి అతని భుజం మీది చారలు నమిలేసింది, టై సగం మింగింది. సాయంత్రం మెట్లెక్కి వచ్చేసరికి అత్తగారు గుమ్మానికి అడ్డంగా బకెట్టుతో నిలబడి ఉంది.

"బాబూ, అక్కడే ఆగండి. ఒక్క అడుగు వెయ్యొద్దు."

ఆవిడ భుజం మీదుగా భార్య తొంగిచూసి, ఉన్న సగం టై చూసి, "ఇవాళ ఎలా గడిచిందండీ?" అంది.

అతను మెట్ల మీదే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. మేక విమానం ఎక్కనని మొండికేసిన దగ్గరికి వచ్చేసరికి, సుత్తి అడుగుదామని పై నుంచి దిగొచ్చిన పోస్ట్‌మాస్టర్ కూడా మెట్టు మీద చతికిలబడి, "ఊఁ, తరవాత?" అన్నాడు.