పెద్దదినం

తాయమ్మాళ్ సంచి ముడి విప్పి మూడోసారి చూసింది. రెండు పంచెలు, ఒక తువ్వాలు, దారిలో తినడానికి వేయించిన శనగలు, కడుపునొప్పి వస్తే నమలడానికి చిటికెడు వాము. ఎనిమిదేళ్ల పిల్లాడికి పది రోజులకు ఇది చాలునా? కొత్త చొక్కా మాత్రం పెట్టలేదు. తన పెళ్లి కోక కొంగు కోసి కుట్టిన చొక్కా అది. పండగ పొద్దున గాని వాడి కంట పడకూడదని అటక మీద కుండలో దాచింది.

"ఇక చాలమ్మా, వాడేమన్నా కాశీకి పోతున్నాడా?" అన్నాడు వాకిట్లో నిలబడ్డ కృష్ణరాజ్. చనిపోయిన మొగుడికి అన్న. వాడిపట్టి ఊరి నుంచి బండి కట్టుకుని వచ్చాడు. తల్లి రామాయి మంచం పట్టిందట, మనవడి మొహం చూడాలని కలవరిస్తోందట.

తాయమ్మాళూ మొగుడూ మదురలో వేదంలో చేరి క్రైస్తవులైన నాటి నుంచి ఆ ఇల్లు వాళ్లకు మూతపడింది. వాంతిభేదికి అతను పోయినప్పుడు కూడా ఎవరూ రాలేదు. రెండేళ్ల తర్వాత ఇదే మొదటి పిలుపు. ఆమె మనసు కరిగిపోయింది.

"పెద్దదినానికి వాడు ఇక్కడుండాలి, బావా."

వేదకోవిల్లో, అంటే చర్చిలో, అరవవాళ్లు క్రిస్మస్‌ను పెరియనాళ్ అంటారు. ఆమె మొగుడు దాన్ని ఇంటి తెలుగులోకి తిప్పి పెద్దదినం అన్నాడు. ఆ ఇంట్లో అదే నిలిచిపోయింది.

కృష్ణరాజ్ పక్కున నవ్వాడు. "మా ఇళ్లల్లో మనిషి పోయిన పదకొండోనాడు చేస్తాం పెద్దదినం. మీరు బతికుండంగానే చేసుకుంటారే!"

"మాకది ఏసయ్య పుట్టిన దినం, బావా."

"సరి, సరి. పెద్దదినం సంగతి నాకొదిలెయ్. జరగాల్సినట్టు జరిపిస్తా."

అళగిరిసామి బండెక్కి అరిచాడు. "అమ్మా, నా పిడికిలి కూడా నువ్వే వెయ్యి! మూత గట్టిగా కొట్టు, లేకుంటే ఎలుక దూరుతుంది!"

అది వాళ్లిద్దరి పండగ ఏర్పాటు. పత్తి గింజలు తీసే కూలితో పండగ ఒక్కసారిగా ఎక్కడొస్తుంది? అందుకే కార్తీకం నుంచి రోజూ వండేముందు తల్లిదొక పిడికెడు, కొడుకుదొక పిడికెడు బియ్యం వేరే కుండలో పడేవి. మూత మీద చెయ్యేసి కొట్టడం వాడి పని. నిరుడు ఆ బియ్యంతో, కరుప్పట్టి అనే తాటిబెల్లం వేసి పాయసం కాచారు. కొబ్బరిచిప్పల్లో ఆముదపు దీపాలు పెట్టారు. వాడి పాట విని నవ్వుతూ కూర్చుంటే పాయసం అడుగంటింది. ఆ మాడంతా వాడే గీకి తిన్నాడు. అంత మంచి పండగ మొగుడున్నప్పుడు కూడా జరగలేదు.

పది రోజులు దాటాయి, పండగ పొద్దు వచ్చింది. బండి రాలేదు. చాప మీద చొక్కా పరిచి, బండి చప్పుడు ఎక్కడ తప్పిపోతుందోనని కోవిల్‌కు కూడా పోకుండా గడపలోనే కూర్చుంది. సాయంత్రానికి పాయసం మీద మీగడ కట్టింది.

మర్నాడు చొక్కా చంకలో పెట్టుకుని వాడిపట్టికి నడిచింది. రామాయి వాకిట్లో కంబు సజ్జలు దంచుతోంది.

"అత్తా! ఒళ్లు నయమైందా?"

"నాకేం జబ్బు?" అంది రామాయి. తలెత్తి చూసి రోకలి ఆపేసింది.

పక్కింటి కాళి గోడ మీదుగా చూసి కెవ్వుమంది. "అయ్యో, చచ్చిందన్నారే!"

పశువుల కొట్టం పక్కన పగిలిన కుండ, పిండం పెట్టిన ఆకు ఇంకా ఉన్నాయి.

"నిన్ననే నీ పెద్దదినం చేశాం" అంది రామాయి నేల చూస్తూ. "వాంతిభేదికి పోయావని వాడికి చెప్పాం. గుండు గీయించుకుని వాడే పిండం పెట్టాడు."

"బతికే ఉన్నానత్తా!"

"వేదంలో చేరిన నాడే మాకు పోయావు. మా ఇంటి బిడ్డ మా ఇంటికి చేరాడు."

"వాడేడీ?"

"తెల్లవారుతూనే మీ బావ చిన్నమనూరు తీసుకుపోయాడు. అక్కణ్ణించి ఎక్కడికో నాకూ చెప్పలేదు." ముసలామె గొంతు తగ్గింది. "బాగా ఏడ్చాడు. ఇక పిడికిలి ఎవరేస్తారని అడిగాడు. మాకు అర్థం కాలేదు."

చిన్నమనూరులో అలాంటి పిల్లాడే రాలేదన్నారు. కృష్ణరాజ్ మళ్లీ ఆమె ఎదుట పడలేదు. జరగాల్సినట్టు జరిపిస్తానన్నాడు, జరిపించాడు. పెద్దదినమన్న మాట అతనికి అందించింది తన నోరేనని ఆమె ఎన్నటికీ మరవలేదు. రోజూ రెండు పిడికిళ్లు వేసేది, మూత మీద గట్టిగా కొట్టేది.

అళగిరిసామి 1859 డిసెంబరు పదో తేదీ శనివారం పొద్దున వెళ్లాడు. తిరిగి రాలేదు.